ట్యాంకు కింద పట్టీలు

ప్రభుదాసు విమానం మామూలుగా ఉన్నంతసేపూ బుద్ధిగానే ఎగిరేది. వెల్లకిలా తిప్పాడా, గొంతు చించుకుని అరిచి, ఆగిపోయి, నేల కూలేది.

అది బొమ్మ విమానమే. దాని రెక్క నుంచి రెండు ఉక్కుతీగలు ప్రభుదాసు చేతిలోని పిడి దాకా వస్తాయి. అతను మైదానం నడుమ నిలబడితే, అరవై అడుగుల దూరాన అది అతని చుట్టూ తిరుగుతుంది. బొమ్మే గానీ, ఒక్కోటి కట్టడానికి రెండు నెలలు పడుతుంది. రెండు అప్పటికే తుక్కయ్యాయి. మిగిలింది ఒకటి. ఆదివారం రాష్ట్ర జట్టుకు ఎంపిక. డిగ్రీ ఆఖరి ఏడాది. ఈసారి పోతే ఇక ఎన్.సి.సి. యూనిఫారం మడిచి పెట్టెలో పెట్టుకోవడమే.

అతను చెయ్యని ప్రయత్నం లేదు. ఇంజనుకి ఇంధనం వదిలే సూదిని విప్పితే వెల్లకిలా బాగుండేది, మామూలుగా పొగలు కక్కేది. బిగిస్తే మామూలుగా బాగుండేది, వెల్లకిలా చచ్చేది. ఇంధనం సరిగా కలపలేదని జూనియర్ల మీద కేకలేశాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చివరికి ఇంజనే మంచిది కాదన్నాడు.

ఆ ఇంజను మస్తాన్ సాహెబ్ గారిది. వైమానిక దళంలో ఇంజన్ల ఫిట్టరుగా రిటైరై, క్యాడెట్లకి విమానాలు కట్టడం నేర్పుతున్న పెద్దాయన. సొంత ఇంజను శిష్యుడి చేతిలో పెట్టి, ఈ మాట పడ్డాడు.

గురువారం సాయంత్రం ఆయన ఒక ప్రశ్న అడిగాడు.

"ఈ విమానాన్ని ఎన్నడన్నా పట్టుకున్నావట్రా?"

"పట్టుకుని వదిలేది జూనియర్లు కదా మాస్టారూ. నేను పిడి దగ్గరుంటాను."

"కూర్చో."

ఇస్త్రీ యూనిఫారంతో ప్రభుదాసు దుమ్ములో కూర్చున్నాడు. మస్తాన్ సాహెబ్ విమానాన్ని అతని చేతుల్లో పెట్టి, వేలితో పంకా తిప్పి ఇంజను స్టార్టు చేశాడు. ఇంధనంలో కలిపే ఆముదం తుంపర్లు తుంపర్లుగా వచ్చి అతని చొక్కా మీద పడింది. ఆముదం తాగిన మొహం అంటారే, ప్రభుదాసుది అచ్చం అదే. రెండేళ్లుగా ఈ జిడ్డు ఎవరి చొక్కాల మీద పడుతోందో అతనికి అప్పుడు తట్టింది.

"ఇప్పుడు తిరగెయ్యి. విను."

వెల్లకిలా తిప్పగానే చప్పుడు సన్నబడి కీచుమంది. మళ్లీ తిప్పితే దిగింది. మూడోసారికి ప్రభుదాసు ఉలిక్కిపడ్డాడు.

"మాస్టారూ, దీనికి ఆకలేస్తోంది! తిరగేస్తే ట్యాంకు సూదికన్నా బాగా కిందికి పోతోంది. ఆయిలు పైకి అందట్లేదు."

"ఎందుకని?"

ప్రభుదాసు ఇంజను ఆపి, దాని వెనక గూడు విప్పాడు. ట్యాంకు కింద సైకిలు ట్యూబు పట్టీలు, ఒకదాని మీద ఒకటి నాలుగు.

"అదురుకి ట్యాంకులో నురగ రాకూడదని వేశా. మొదటి విమానానికి రెండే. అది కూలిందని రెండోదానికి మూడు. అదీ కూలిందని దీనికి..." అంటూ ఆగిపోయాడు.

మస్తాన్ సాహెబ్ ఒక పట్టీ లాగి జేబులో వేసుకున్నాడు. ఇంజను నడిపించి, తిప్పించి, వినిపించి, ఇంకోటి లాగాడు. మూడోది కూడా లాగాక సూదిని కాస్త సర్దాడు. ఇక ఎటు తిప్పినా ఒకటే చప్పుడు.

ఆదివారం ప్రభుదాసు విమానం వెల్లకిలా ఆరు చుట్లు తిరిగింది. ఇంజను గొంతు మారలేదు. న్యాయనిర్ణేత అక్కడికక్కడే అతని పేరు జట్టులో రాసుకున్నాడు.

ప్రభుదాసు పరుగున వచ్చి గురువు చేతులు రెండూ పట్టుకున్నాడు. కళ్లు నిండిపోయాయి.

"మీరు లేకపోతే ఇది లేదు మాస్టారూ. మీ ఇంజన్ని నోటికొచ్చినట్టు అన్నాను, క్షమించండి."

"అదేం విన్లేదులే."

ప్రభుదాసు నవ్వాడు, కళ్లు తుడుచుకున్నాడు. "మొదటి విమానం కూలినప్పుడే ఒక్క మాట చెప్పుంటే పోయేదిగా?"

"చెప్పా."

"ఎప్పుడు మాస్టారూ?"

"నువ్వు నడుమ నిలబడున్నప్పుడు. అక్కడికి ఏదీ వినబడదు."

ఇంతలో తర్వాతి పేరు పిలిచారు. ఎవరో వేరే ఊరి అమ్మాయి. ప్రభుదాసు వెళ్లి ఆమె విమానం పట్టుకుని దుమ్ములో కూర్చున్నాడు.