రోకటిపాట నిలిపిన గుండె

విశాఖపట్నంలో పరాంకుశం అనే గుండె డాక్టరు ఉండేవాడు. ఆయన చేతిలో ఎంత నేర్పు ఉండేదో, మాటలో అంత టెక్కు ఉండేది. ఎదుటివాళ్లకు కూడా ఏదో ఒకటి తెలిసి ఉంటుందన్న సంగతి ఆయన బుర్రకు ఎక్కేది కాదు.

ఒక ఏడాది ఆయన కొందరు డాక్టర్లతో కలిసి, ఉచితంగా గుండె ఆపరేషన్లు చేయడానికి ఆఫ్రికాలోని మలావి దేశానికి వెళ్లాడు. అక్కడొక చిన్న ఊరి ఆసుపత్రిలో చికొండి అనే పెద్ద నర్సు ఉండేది. ఆమె, ఆమె తోటి నర్సులు ఇద్దరూ ఏ పని చేస్తున్నా సన్నగా పాడుకునేవారు. ఆ ఊళ్లో ఒకే రోట్లో ముగ్గురు ఆడవాళ్లు మొక్కజొన్నలు దంచుతారు. రోకలికి రోకలి తగలకుండా కాసేది పాటే. ఆ అలవాటే ఆసుపత్రికీ వచ్చింది.

పరాంకుశానికి ఒళ్లు మండింది. "ఇదేమన్నా పెళ్లిపందిరి అనుకున్నారా? నేనున్న గదిలో పాట వినపడటానికి వీల్లేదు!" అన్నాడు. ఆ పూట నుంచి చికొండి, తోటి నర్సులు ఆయన ఉన్న గదిలో పాట మానేశారు.

మూడోరోజు తడాలా అనే తొమ్మిదేళ్ల పిల్లకు ఆపరేషన్ మొదలైంది. ఎప్పుడో వచ్చిన జ్వరం ఆ పిల్ల గుండె కవాటాన్ని పాడుచేసింది. పది అడుగులు నడిస్తే ఆయాసమే. డాక్టరు గుండెను ఆపి, కవాటం కుట్టసాగాడు. అంతసేపూ ఒంట్లో రక్తం తిప్పాల్సింది పక్కనున్న యంత్రమే.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. జనరేటరు దగ్గి ఊరుకుంది. యంత్రం బ్యాటరీ కూడా కాసేపటికి చేతులెత్తేసింది. యంత్రం నడిపే బషీర్ వెంటనే దాని పిడి పట్టుకుని చేత్తో తిప్పసాగాడు. పది నిమిషాలకే అతని చెయ్యి తడబడింది.

"సార్, చెయ్యి పడిపోతోంది! వేగం తప్పితే పిల్ల దక్కదు!" అన్నాడు.

పరాంకుశానికి నుదుటిమీది చిన్న లైటు ఉంది కానీ, మూడో చెయ్యి లేదు. జీవితంలో మొదటిసారి ఆయన సాయం కోసం చుట్టూ చూశాడు.

చికొండి ముందుకొచ్చింది. "మేం ముగ్గురం తిప్పుతాం డాక్టరుగారూ. చేతులు మారేటప్పుడు వేగం తప్పకూడదంటే మాత్రం పాట ఉండాలి" అంది.

"పాడు తల్లీ! పాడు!" అన్నాడాయన.

బషీర్ తిప్పే వేగం చూసి, దానికి సరిపోయే దంపుడు పాట ఎత్తుకుందామె. ఒకరి చెయ్యి తీస్తే ఇంకొకరి చెయ్యి పడింది. పిడి ఒక్క క్షణమైనా ఆగలేదు. ఆ పాట నడకకే డాక్టరు సూది కూడా నడిచింది. నలభై నిమిషాలు! చివరి కుట్టు పడ్డాక ఆగిన గుండె చిన్నగా వణికింది, తర్వాత నిండుగా కొట్టుకుంది. పరాంకుశానికి ఒళ్లు గగుర్పొడిచింది. ఎన్నో వందల గుండెలు చూసినవాడు, ఆ రోజు చిన్నపిల్లాడిలా కళ్లప్పగించి నిలబడిపోయాడు. కరెంటు ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడనేలేదు.

మర్నాడు ఆపరేషన్‌కు కత్తి అందుకోబోతూ ఆయన ఆగాడు.

"చికొండమ్మా, ఇవాళ ఏ పాట?" అని అడిగాడు.

నీతి: సాయం చేయడానికి వెళ్లినవాళ్లు ముందుగా అక్కడివాళ్ల నేర్పును గౌరవించాలి, మన విద్య ఆగిపోయిన చోట వాళ్ల విద్యే ప్రాణం నిలబెడుతుంది.