పొద్దు, మాపు, మొద్దు

అనగనగా ఒక ఊళ్ళో, ఊళ్ళో అంటే నడిమధ్యన కాదమ్మా, చివర పొగ లేచే చోట, గుర్రయ్య అని ఒక కుమ్మరి ఉండేవాడు. ఆయనకి నాగులు అని ఒక్కతే కూతురు, తల్లి లేని పిల్ల. ఆడుకోవడానికి తోడెవరూ లేక మూడు మెట్ట తాబేళ్ళను పెంచుకుంది.

ఒకటి కోడికంటే ముందే లేచి వాకిలంతా తిరిగేది. దాని పేరు పొద్దు. రెండోది పగలంతా కుండల నీడన పడుకుని దీపాల వేళకి బయలుదేరేది. దాని పేరు మాపు. మూడోది తింటూ తింటూనే కునికేది. దానికి పేరు వెతుక్కోవాలా, మొద్దు!

గుర్రయ్యకి ఒక అలవాటు ఉంది. ఏ కుండనైనా వేలి కణుపుతో తట్టి చూస్తాడు. ఖంగుమంటే మంచిది, బద్దుమంటే బీట పడినట్టు. కుండలకైతే సరే. ఆ మహానుభావుడు తాబేళ్ళని కూడా అలాగే తట్టేవాడు.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం మాపుని తట్టాడు. బద్దుమంది. కదల్లేదు, మెదల్లేదు. "అమ్మా నాగులూ, మాపు పోయిందే" అన్నాడు. పిల్ల బావురుమంది. తీరా దీపం పెట్టేసరికి ఆ మాపు దొడ్లో తోటకూర నములుతూ కనబడింది.

ఆ తర్వాత ఎండలు ముదిరాయి. మొద్దు తల లోపలికి లాక్కుని పడుకుంది. గుర్రయ్య పొద్దున తట్టాడు, బద్దుమంది. సాయంత్రం తట్టాడు, అంతే. మూడోనాడూ అంతే. "ఈసారి నిజంగానే పోయింది తల్లీ" అని, కుండలు కాల్చే ఆవం గుంటలో, చల్లారిన మెత్తటి బూడిద కింద దాన్ని పూడ్చిపెట్టాడు.

నాగులు అన్నం ముట్టలేదు. "ఇంకా రెండున్నాయి కదే" అన్నాడు గుర్రయ్య. "అవి మొద్దు కాదు కదా నాన్నా" అంది.

అప్పుడు ఊళ్ళోంచి వీరమ్మ వచ్చింది. "మా అమ్మాయి పెళ్ళి, గుర్రయ్యా. అరివేణి కుండలు చెయ్యాలి" అంది. ఆ రంగుల కుండలు కుమ్మరింటి నుంచి మేళంతో తెచ్చుకుంటేనే గాని వాళ్ళలో పెళ్ళి మొదలవదు మరి. గుర్రయ్య కుండలు చేశాడు, ఆరబెట్టాడు, ఆవంలో పేర్చాడు. పిడకలు, గడ్డి వేసి పైన మట్టి మెత్తాడు. ఆ తర్వాత వాళ్ళింటి ఆనవాయితీ ప్రకారం ఆవం చుట్టూ మూడు కడవల నీళ్ళు వారబోసి దండం పెట్టాడు.

పొయ్యిలోంచి నిప్పు తెచ్చి వంగాడో లేదో, లోపల్నించి టక్ మంది. ఆగాడు. మళ్ళీ టక్ మంది. మూడోసారి కూడా. ఎవరో కణుపుతో తట్టినట్టే ఉంది. గుర్రయ్య కొయ్యబారిపోయాడు. ఇన్నాళ్ళూ ఆవంలో కుండల్ని తను తట్టాడు గానీ, ఆవం తిరిగి తట్టడం వాళ్ళ తాతలనాడు కూడా లేదు.

నాగులు పరిగెత్తుకొచ్చింది. "నాన్నా, చెమ్మ తగిలి మొద్దు లేచింది" అంది.

గుర్రయ్య నిప్పు వెనక్కి లాక్కున్నాడు. అంటే అది చావలేదన్నమాట. బతికున్నదాన్ని పూడ్చి, పైన నిప్పు కూడా పెట్టబోయాడన్నమాట. ఆవం విప్పుదామంటే కుండలు పగులుతాయి, పెళ్ళి చూస్తే దగ్గర పడింది. నాగులు ఆయన చేతిలో నిప్పు వైపే చూస్తూ నిలబడింది.

'కుమ్మరికి ఒక ఏడు, గుదెకు ఒక పెట్టు' అంటారే, కుమ్మరి ఏడాది కష్టానికి దుడ్డుకర్ర దెబ్బ ఒక్కటి చాలని, ఆ పెట్టు ఆయన చేత్తో ఆయనే వేసుకున్నాడు. "పచ్చికుండ పగిలితే మళ్ళీ మట్టే అవుతుంది. కాలిన ప్రాణం ఏమవుతుంది తల్లీ" అంటూ నిప్పు అవతల పారేసి, గుదె తీసి ఆవం పగలగొట్టాడు. పెంకుల మధ్య నుంచి, ఒళ్ళంతా బూడిదతో, నెత్తిన ఒక చిన్న ముంత బోర్లించుకుని మొద్దు బయటికి వచ్చింది. నాగులు దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. గుర్రయ్యా ఏడ్చాడు.

ఆ తర్వాత పెంకులన్నీ నానబెట్టి మళ్ళీ తొక్కాడు. పొద్దుతో పాటు లేచాడు, మాపు పడుకునేదాకా సారె తిప్పాడు. మళ్ళీ పేర్చాడు, కాల్చాడు, రంగులు వేశాడు. పెళ్ళినాటికి అరివేణి కుండలు వరసగా వాకిట్లో నిలబడ్డాయి.

అప్పుడు మేళం వచ్చింది. డోలు మోగింది, సన్నాయి మోగింది. గుర్రయ్య మాత్రం అరుగు మీద వెల్లకిలా పడి ఉన్నాడు. వీరమ్మ అదిరిపడింది. కుండలెత్తే శుభవేళ ఇదేం చోద్యమని ఆయన్ని తట్టబోయింది. నాగులు చెయ్యి పట్టుకుంది.

"తట్టకండి పెద్దమ్మా. మా నాన్న ఇప్పుడు మొద్దు రకం. పలకకపోతే పోయినట్టు కాదు. కుండలు అవిగో, మేళం కాస్త మెల్లగా కానివ్వండి."

పొద్దు లేచె, మాపు నడిచె, మొద్దు నిద్ర తీరె,
గుర్రయ్య చేసిన కుండలన్నీ పెళ్ళివారిల్లు చేరె.
కథ నడిచింది కంచికి,
మనం ఒరిగాం మంచానికి.