గోరింకకు నేర్పిన మాట

అనగనగా, అంటే మన తాతల తాతలు కూడా పుట్టకముందు, సిరిపట్నం అని ఒక ఊరు ఉండేది. ఆ ఊళ్ళో ఇంటికో గోరింక ఉండేది. ఇప్పటి పిల్లలకు ఫోన్లు ఎలాగో, వాళ్ళకు గోరింకలు అలాగ. ఏ మాట నేర్పితే ఆ మాట అనేది. పొద్దున ఒక గుమ్మంలో పలికిన మాటను పక్కింటి గోరింక పట్టుకునేది, దాని దగ్గర ఎదురింటిది నేర్చుకునేది. సాయంత్రానికి ఊరంతా అదే మాట.

పొద్దు వాలగానే జనం వీధుల వెంట తిరుగుతూ ఆ పలుకులు వినేవారు. నచ్చితే పంజరం కింద వేలాడే చిప్పలో ఒక కొర్రగింజ వేసేవారు. చిప్ప నిండిన ఇంటివాళ్ళు మర్నాడు తల ఎగరేసుకుని తిరిగేవారు. గింజలు తినేది గోరింక, గొప్పలు పోయేది మనుషులు.

ఆ ఊళ్ళో తమలపాకుల వ్యాపారి ధర్మయ్యకు కువలయ అని ఒక కూతురు. చురుకైన పిల్ల, కాస్త నోటి దురుసు. ఊరి పక్క కొండమీద వైద్య విద్యాలయం ఉండేది. అందులో చేరి వైద్యురాలు కావాలన్నదే కువలయ కోరిక. వీధిలో ఏ పిల్లాడు మోకాలు గీసుకున్నా ఆకు నూరి కట్టు కట్టేది తనే. కానీ ఆ విద్యాలయంలో చోటు దొరకడమంటే మాటలు కాదు. మనం ఇప్పుడు కాలేజీ సీటు కోసం పడే పాట్లు వాళ్ళు అప్పుడే పడ్డారు.

ఒక వేసవిలో తమ చిప్ప ఖాళీగా ఉంటోందని కువలయ ఉడుక్కుంది. ఆ వీధిలో మజ్జిగ అమ్మే నారమ్మకు నత్తి. "మ... మ... మజ్జిగమ్మో" అని కేక వేసేది. కువలయ ఆ కేకను నత్తితో సహా గోరింకకు నేర్పింది. జనం కడుపుబ్బ నవ్వారు. చిప్ప నిండి గింజలు నేలమీదికి రాలాయి. నాలుగు రోజులు తిరక్కుండానే ఊళ్ళో గోరింకలన్నీ అదే కేక.

నారమ్మ కేక వేయడం మానేసింది. కుండ నెత్తిన పెట్టుకుని, ఇంటి ముందుకు వచ్చి ఊరికే నిలబడేది. ఆమె వచ్చిందని లోపలివాళ్ళకు తెలిసేది కాదు. సగం మజ్జిగ కుండలోనే పులిసిపోయేది. కువలయ ఇదంతా గమనించిందా అంటే, లేదు. చిప్ప చూసుకోవడంతోనే ఆమెకు సరిపోయింది.

ఏడాది గడిచింది. విద్యాలయంలో పరీక్షలు జరిగాయి. చివరికి ఒక్క చోటు మిగిలింది, దానికి ముగ్గురు సరిసమానంగా నిలిచారు. మణుల వర్తకుడి కొడుకు వజ్రదత్తుడు, దండనాయకుడి కొడుకు వీరసేనుడు, మన కువలయ.

పెద్ద ఆచార్య సులోచన ముగ్గురినీ ఎదుట నిలబెట్టి, "మీకు పాఠాలు వచ్చని తెలిసింది. మీరు ఎలాంటివాళ్ళో తెలియలేదు. ఎల్లుండి సాయంత్రం మీ మీ అరుగుల మీద కూర్చుంటాను. మీ గోరింకలు ఏమంటాయో వింటాను" అంది.

ముగ్గురి గుండెల్లోనూ రాయి పడింది.

వజ్రదత్తుడి గోరింక బూతులకు పెట్టింది పేరు. అతను దాన్ని పశువుల కొట్టంలో దాచి, పురోహితుడి గోరింకను బతిమాలి తెచ్చుకున్నాడు. వీరసేనుడు తన గోరింకను అడవిలో వదిలేసి, ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయాడు.

ధర్మయ్య కూతురికి ఒక ఉపాయం చెప్పాడు. "పంజరం మీద గుడ్డ కప్పేద్దాం తల్లీ. చీకటైతే అది నోరెత్తదు. ఒక్క పూటేగా."

కువలయ గుడ్డ తెచ్చింది కూడా. కప్పబోతుంటే నారమ్మ వచ్చి గుమ్మం ముందు నిలబడింది. ఆమెను చూడగానే గోరింక, "మ... మ... మజ్జిగమ్మో" అని అరిచింది. నారమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగింది. ఆ మొహాన్ని కువలయ ఆ రోజే సరిగ్గా చూసింది. చూసి సిగ్గుతో చచ్చిపోయింది. గుడ్డ అక్కడే పడేసి నారమ్మ వెనకాల పరుగెత్తింది.

"నారమ్మత్తా, ఆ మాట నేర్పింది నేనే. తప్పయిపోయింది" అంది రొప్పుతూ.

నారమ్మ ఆగింది. "ఏ... ఏడాది పట్టిందా నీకు? కొండమీదికి పోవాల్సి వచ్చాక గు... గుర్తొచ్చానా?"

కాదని అందామనుకుంది కువలయ. కానీ, "అవునత్తా. పరీక్ష లేకపోతే నాకు నీ మొహం కనపడేది కాదు" అంది తల వంచుకుని.

ఆచార్యకు నీ గురించి మంచి మాట చెప్పమంటావా అని నారమ్మ వెటకారంగా అడిగింది. వద్దు, జరిగింది నేనే చెప్తాను అంది కువలయ. అయితే చెప్పేటప్పుడు నేనూ వింటానని నారమ్మ కుండ ఎత్తుకుని వెళ్ళిపోయింది.

అన్న రోజు రానే వచ్చింది. ఆచార్య ముందు వజ్రదత్తుడి అరుగు మీద కూర్చుంది. గోరింక చక్కగా శ్లోకాలు చదివింది. వజ్రదత్తుడు మీసం దువ్వుకున్నాడు. కాసేపటికి దానికి ఆకలేసింది. "పంతులూ, పప్పు చల్లారిపోతోంది, లోపలికి రా" అని పురోహితుడి పెళ్ళాం గొంతుతో పిలిచింది. ఆచార్య నవ్వాపుకుంటూ లేచింది.

వీరసేనుడు తమ ఇంట్లో గోరింకే లేదన్నాడు. ఆచార్య సరేనంది. ఆ ఇంటి గోరింకను తీసేశాడు గానీ, అది అన్న మాటలు వీధి వీధంతా పాకి ఉన్నాయి. ఎదురింటి గోరింక, పక్కింటి గోరింక, పైవీధి గోరింక ఒకదాన్ని మించి ఒకటి, "వీరసేనుడి మాట వినరా, బీదవాడికి చదువెందుకురా" అని అందుకున్నాయి. వీరసేనుడి మొహం కందగడ్డలా అయింది.

ఆచార్య ధర్మయ్య ఇంటికి వచ్చేసరికి, అరుగు చివర నారమ్మ కూర్చుని ఉంది. పంజరం మీద గుడ్డ లేదు. గోరింక నారమ్మను చూసింది. చూసి, అనాల్సిన మాట అనేసింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఆ మాట నేర్పింది నేనేనమ్మా" అంది కువలయ. "చిప్ప నిండాలని నేర్పాను, నిండింది. ఇప్పుడు దాన్ని మాన్పించడం నా వల్ల కాదు. ఊరంతా నేర్చుకుంది." చెప్తుంటే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొండ తనకు దూరమైపోయిందనే అనుకుంది.

ఆచార్య నారమ్మ వైపు తిరిగింది. "నారమ్మా, రేపు నీకు జబ్బు చేస్తే, ఈ పిల్ల దగ్గరికి వైద్యానికి వెళ్తావా?"

నారమ్మ నోరు తెరిచింది. "వె... వె..." మాట అక్కడే ఆగిపోయింది. వెళ్తానంటుందో, వెళ్ళనంటుందో తెలియదు. ఊళ్ళో ఇంకెవరైనా అయితే ఈపాటికి ఆ మాట తామే అందించేసేవారు. ధర్మయ్య అందించబోయాడు కూడా. కువలయ తండ్రి చెయ్యి పట్టుకుని ఆపింది. తన బతుకంతా ఆ మాట మీదే ఉన్నా, నారమ్మ కళ్ళలోకి చూస్తూ ఓపికగా నిలబడింది.

"వె... వెళ్తాను" అంది నారమ్మ చివరికి. "మొన్నటిదాకా అయితే వె... వెళ్ళేదాన్ని కాదు."

"రోగి చెప్పేదాకా ఆగడం మా దగ్గర మొదటి పాఠం. ఈ పిల్ల అది ముందే నేర్చుకుంది" అని ఆచార్య అరుగు దిగింది. "అమ్మాయీ, సోమవారం పొద్దున్నే కొండమీదికి రా."

ధర్మయ్య సంతోషం పట్టలేక పక్కవీధి దాకా వెళ్ళి అందరికీ చెప్పి వచ్చాడు. కువలయ మాత్రం నారమ్మ పక్కన కూర్చుని ఆ సాయంత్రమంతా ఆమె మాటలు వింది.

మర్నాటి నుంచి నారమ్మ మళ్ళీ కేక వేయడం మొదలుపెట్టింది. గోరింక ఆ మాట మరవలేదు, అంటూనే ఉంది. అది అన్నప్పుడల్లా ధర్మయ్య గిన్నె పట్టుకుని బయటికి వచ్చి మజ్జిగ కొనేవాడు. కొన్నాళ్ళకు ఆ వీధిలో అందరికీ గోరింక కేక వింటే నవ్వు రావడం మానేసి దాహం వేయసాగింది.

అందుకే పిల్లలూ, నలుగురిలోకి వదిలిన మాటను దాచినా, చెరిపినా అది మన పేరు చెప్తూనే ఉంటుంది. వదిలేముందే ఆలోచించుకోవాలి, వదిలాక ఆ మాట నాదేనని ఒప్పుకుని నొచ్చుకున్నవాళ్ళ ముందు నిలబడాలి.