పళ్లెం అడుగున మంచు

విశాలమ్మగారిని ప్రశ్న అడిగినవాళ్లకు జవాబు దొరకదు, పని దొరుకుతుంది. లంబసింగికి పైన కొండవాలులో ఉన్న ఆమె ఆశ్రమంలో నాలుగు రోజులున్న వాళ్లెవరైనా ఈ మాట చెబుతారు. మృత్యువంటే ఏమిటని అడిగిన ఒకాయన పదిరోజులు బావి పూడిక తీసి వెళ్లాడు.

పానకాలు అక్కడికి వచ్చి రెండేళ్లయింది. అంతకుముందు ముప్పై ఏళ్లు బస్సు డిపోలో టైమ్‌కీపరు. వేళకు రానిదాన్ని దేన్నీ క్షమించని మనిషి. పుష్యమాసంలో ఒక ఉదయం సంచీ సర్దుకుని వచ్చి అమ్మ ముందు నిలబడ్డాడు.

"తెల్లవారుజామునే లేచాను. ఉపవాసాలున్నాను. పైనుంచి వచ్చేది ముందు నాకే తగలాలని అందరికంటే ఎత్తున, ఆ బండ మీద కూర్చుని ధ్యానం చేశాను. అయినా అనుగ్రహం నామీద పడలేదు. ఎందుకమ్మా? ఏ బస్సూ రెండేళ్లు లేటు కాదు."

"ఇక రాదని తేల్చేశావా?"

"ఎనిమిదింటి బస్సుకి వెళ్లిపోతున్నాను."

విశాలమ్మగారు వంటింట్లోకి వెళ్లి, మసిపట్టిన పల్చటి రేకు పళ్లెం ఒకటి తెచ్చి ఆయన చేతిలో పెట్టారు.

"మూడు రోజులాగు. గడ్డి మీద ఉప్పు చల్లినట్టు పేరుకుంటుందే, ఆ తెల్లమంచు దీని మీద పట్టించి చూపించు. చూపిస్తే నీ ప్రశ్న సంగతి చూద్దాం. లేదంటే బస్సు ఎలాగూ ఉంది."

గడువున్న పని దొరికేసరికి పానకాలు మొహం వెలిగింది. సంచీ గోడకి ఆనించాడు.

మొదటి సాయంత్రం పళ్లేన్ని తన బండ మీదే పెట్టాడు. పడేదేదైనా ముందు ఎత్తు మీదే కదా పడుతుంది! రాత్రంతా గాలి కొట్టింది. పొద్దున చూస్తే పళ్లెంలో రెండు ఎండుటాకులు, అంతే. రెండో సాయంత్రం గాలి తగలకుండా చావడి చూరు కింద పెట్టి, పక్కనే కుంపటి రాజేసుకుని కాపలా కూర్చున్నాడు. తెల్లారేసరికి పళ్లెం పొడిగా ఉంది. ఆయన కునికిపాట్లు పడుతున్నాడు.

కింది పొలంలో టమాటా నారు పోసుకున్న వంతల చిన్నాలమ్మ పాలు ఇద్దామని వచ్చి, ఆ దృశ్యం చూసి ఆగిపోయింది.

"ఏటి బాబూ, పళ్లేనికి చలేస్తందా? కుంపటెట్టినావు!"

పానకాలు గంభీరంగా విషయం వివరించాడు. ఆమె పాలచెంబు కింద పెట్టి మరీ నవ్వింది.

"ఆ మంచు పట్టకుండా రోజూ సాయంత్రం నా నారు మీద గడ్డి కప్పుతాను. నానేటి సేస్తానో సూసి, నువ్వు దానికి తిరగేసి సెయ్యి. పల్లపు మడిలో ఎట్టు, గాలాడని కాడ. పైన కొమ్మ ఉండకూడదు, మబ్బుండకూడదు. నేల వేడి తగలకుండా వరి కొయ్యకాళ్ల మీద ఆనించు. దాని వంట్లో వెచ్చదనమంతా ఆకాశంలోకి పోవాల. ఎట్టీసి నువ్వెల్లి పడుకో."

"కాపలా అక్కర్లేదా?"

"నువ్వు కాసినందుకే కదా రాలేదు!"

మూడో సాయంత్రం ఆకాశం తుడిచినట్టుంది. గాలి ఆగిపోయింది. పానకాలు కోసిన వరిమడిలో, కొయ్యకాళ్ల మీద పళ్లెం ఆనించి వచ్చి పడుకున్నాడు. రెండేళ్లలో మొదటిసారి తెల్లవారేదాకా లేవలేదు.

లేచి దిగి వెళ్లేసరికి మడి మడంతా తెల్లగా మెరుస్తోంది. పళ్లెం మీద మసి కనబడలేదు. అరవై రెండేళ్ల మనిషి పంచె ఎగ్గట్టి, పళ్లెం అంచులు మునివేళ్లతో పట్టుకుని, కేకలేస్తూ కొండవాలు ఎక్కాడు. ఆశ్రమంలో వాళ్లంతా దుప్పట్లతోనే బయటికొచ్చారు. చిన్నాలమ్మ కూడా పాలచెంబుతో వెనకే వచ్చింది.

"అమ్మా, పడింది! మూడో రాత్రి, సరిగ్గా గడువులోపల పడింది!"

"పడిందా?" అన్నారు విశాలమ్మగారు. "ఏదీ, పళ్లెం అడుగు చూడు."

"అడుగున ఏముంటుందమ్మా?"

"చూడవయ్యా."

పానకాలు పళ్లేన్ని జాగ్రత్తగా తలకంటే ఎత్తుకు లేపి కిందినుంచి చూశాడు. అడుగు కూడా తెల్లగా ఉంది. పైనున్నంత మందంగా కాదు, సన్నటి నూగులా పట్టి ఉంది. తన వేళ్లు తగిలిన చోట మాత్రం కరిగి నల్లటి చుక్కలు పడ్డాయి.

"మరేటనుకున్నావు!" అంది చిన్నాలమ్మ, అది తన పొలంలో పండినట్టు.

పానకాలు ఆకాశం వైపు చూశాడు. మళ్లీ పళ్లెం అడుగు చూశాడు. ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు. ఆయనకి నవ్వడం వచ్చని ఆ ఆశ్రమంలో ఎవరికీ తెలియదు. కింద రోడ్డు మీద ఎనిమిదింటి బస్సు హారన్ కొట్టింది. ఆయన గడియారం చూసుకోలేదు.

"పైనుంచి పడింది కాకపోతే, ఇన్నాళ్లూ ఇది ఎక్కడుందమ్మా?"

విశాలమ్మగారు ఆ చలిలో నోరు తెరిచి మెల్లగా ఊపిరి వదిలారు. తెల్లటి ఆవిరి ఇద్దరి మధ్యా ఒక్క క్షణం నిలిచి, గాలిలో కలిసి కనబడకుండా పోయింది.

"అది ఎక్కడికీ పోలేదు, పానకాలూ" అన్నారు. "లేటయింది పళ్లెం."