బరువు లేని గుహలో మూడు చిలుకలు

ప్లవ నామ సంవత్సరం, వైశాఖ మాసంలో జరిగిందర్రా ఇది. అనగనగా తరంగపురానికి ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. కరాళుడనే మాంత్రికుడు వచ్చి ఆ రాజు మేనకోడలు హేమవల్లిని ఎత్తుకుపోయాడు. తేవడానికి పెద్దకొడుకు వెళ్లాడు, రాయైపోయాడు. నడిపివాడు వెళ్లాడు, రాయైపోయాడు.

ఇక మిగిలింది చిన్నవాడు నాగవర్ధనుడు. వాడికి పొద్దస్తమానం రేవులోనే కాలక్షేపం. అన్నలు వాణ్ణి పడవలవాడని వెక్కిరించేవారు. ఒకప్పుడు వాడు వలలోంచి తప్పించిన తాబేలు ఇప్పుడు వాణ్ణి వీపు మీద ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది. మాంత్రికుడి గుహ ముందు దించి, "నేను లోపలికి రాను నాయనా. అందులో ఏనుగైనా దూదిపింజలా తేలుతుంది" అంది.

లోపల అడుగు పెట్టగానే నాగవర్ధనుడి కాళ్లు నేల విడిచాయి. ఎదురుగా మూడు బంగారు చిలుకలు గాలిలో తేలుతున్నాయి. మూడూ ఒక్కలాగే ఉన్నాయి. రెండు బోలు బొమ్మలనీ, ఒకటి గట్టి బంగారమనీ, తన ప్రాణం ఆ గట్టిదానిలోనే ఉందనీ, అక్కడే తేలుతున్న మాంత్రికుడు చెప్పాడు. గట్టిదేదో చెబితే హేమవల్లిని వదిలేస్తానన్నాడు, తప్పు చెబితే వీడూ రాయే.

"మీ అన్నలు అరచేతిలో పెట్టుకుని తూచారురా పాపం" అని నవ్వాడు.

నాగవర్ధనుడూ తూచాడు. మూడూ ఈకల్లాగే ఉన్నాయి. అప్పుడు వాడికి రేవు గుర్తొచ్చింది. నీళ్ల మీద తేలే పడవ నిండుదో ఖాళీదో తెలియాలంటే పడవలవాళ్లు ఎత్తి చూడరు, కాలితో తోసి చూస్తారు. ఖాళీది చెంగున పోతుంది. నిండుది ఒక పట్టాన కదలదు, కదిలిందా ఇక ఆగదు.

వాడు గోడరాయి పట్టుకుని మొదటి చిలుకను తోశాడు. రివ్వున పోయింది. రెండోదాన్ని తోశాడు. అదీ రివ్వున పోయింది. మూడోది మొండికేసింది.

"ఇదే మామా. నీ గుహ దీని బరువు తీసేసింది గానీ, లోపలి సరుకు తీయలేకపోయింది."

మాంత్రికుడు మీదికి దూకాడు. నాగవర్ధనుడు చిలుక మెడ పట్టుకుని, గోడకు రెండు కాళ్లూ తన్ని, ఎదుటి బండ మీదికి దాన్ని తోసుకుపోయాడు. బరువు లేనిదే కదా అని మాంత్రికుడు ఒక్క చెయ్యి అడ్డం పెట్టాడు. చిలుక వాణ్ణీ నెట్టుకుంటూ పోయి బండకు కొట్టుకుంది. దాని మెడ విరిగింది, వాడి ప్రాణం పోయింది.

రాళ్లైపోయిన అన్నలు మనుషులై లేచారు. తాబేలు హేమవల్లితో సహా అందరినీ ఇంటికి చేర్చింది. నాగవర్ధనుడు మరదలు హేమవల్లిని పెళ్లాడి, తల నెరిసేదాకా రాజ్యమేలాడు. పడవలవాడని పిలిస్తే సంతోషంగా పలికేవాడు.

చిలుకకూ బండకూ మధ్య నలిగిన అతని ఎడమచేతి రెండు వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు.