రాజుగారికి పొలమారిన వేళ

ఏటి ఒడ్డున ఒకానొక రాజ్యాన్ని గజపాలుడనే రాజు ఏలేవాడు. తన నోట వచ్చిందే ధర్మశాస్త్రమని ఆయన నమ్మకం. "ఒకరి ఒంటిమీద చెయ్యి వేసినవాడి చెయ్యి నరకాలి. కారణాలు వినబడవు" అని చాటింపు వేయించాడు.

ఆ వానాకాలం రాజుగారి బావమరిది ఏట్లో పడ్డాడు. పడవ నడిపే సింగన్న దూకి, జుట్టు పట్టి ఒడ్డుకు ఈడ్చాడు. ఊపిరి తిరగ్గానే బావమరిది చేసిన మొదటి పని ఫిర్యాదు.

"నలుగురిలో నా జుట్టు పట్టాడు బావా!"

"పట్టకపోతే మునిగిపోయేవారు దొరా" అన్నాడు సింగన్న.

"అది కారణం. వినబడదు" అన్నాడు రాజు. తొలి ఏకాదశి వెళ్ళిన మర్నాడు చెయ్యి నరకమన్నాడు.

చెయ్యి పోతే తెడ్డెవరు వేస్తారు, పిల్లలకు కూడెవరు పెడతారు? విదూషకుడు వల్లభయ్యకు మనసు మనసులో లేదు. వాదిస్తే రాజు ఇంకా బిగుసుకుంటాడని తెలిసి ఊరుకున్నాడు.

పండగనాడు సభలో అందరికీ పేలపిండి పంచారు. రాజు గుప్పెడు నోట్లో పోసుకునేదాకా ఆగి, వల్లభయ్య మెల్లగా అన్నాడు:

"ప్రభూ, మీ బావమరిదిగారు యముడిమీద కూడా ఫిర్యాదు పెడతారట. పైనుంచి సింగన్న జుట్టు పట్టాడు, కిందనుంచి యముడు కాలు పట్టాడు, ఇద్దరి చేతులూ నరకాలట!"

రాజు ఫక్కున నవ్వాడు. పొడిపిండి గొంతుకు అడ్డం పడి పొలమారింది. ఇచ్చిన నీళ్ళు ముక్కులోంచి వచ్చాయి. పొలమారితే మాడు మీద తట్టాలని పసిపిల్లలకూ తెలుసు. మంత్రి చెయ్యెత్తాడు, చాటింపు గుర్తొచ్చి చంకలో దాచుకున్నాడు. సేనాపతి చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

రాజు నెత్తి చూపించి సైగ చేశాడు. ఒక్కరూ కదల్లేదు. కళ్ళు తేలేస్తూ రాజే వల్లభయ్య చెయ్యి పట్టి లాగి తన నెత్తిన పెట్టుకున్నాడు. వల్లభయ్య ఠపీమని ఒక్కటిచ్చాడు. పిండి ఎగిరి బావమరిది మొహాన పడింది.

"నా నెత్తినే కొడతావురా!" అని రాజు లేచాడు.

"తమరే కొట్టమన్నారు. కొట్టకపోతే ప్రాణానికే ముప్పు. కానీ అవి కారణాలు, వినబడవు. ఇదిగో నా చెయ్యి. తమ చెయ్యి కూడా పక్కన పెట్టండి ప్రభూ, ముందు నామీద చెయ్యి వేసింది తమరే."

"ప్రాణం పోతుంటే పట్టుకున్నానయ్యా!" అని అరిచాడు రాజు.

"ఇప్పుడు వినబడిందా ప్రభూ?"

రాజు కాసేపు గుడ్లురిమి, పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాడు. "సింగన్నను వదలండి! ఇకనుంచి కారణం విన్నాకే తీర్పు" అంటూ తన బంగారు కంకణం తీసి వల్లభయ్య చేతికి తొడిగాడు.

"నేను కొట్టింది ఒక్క దెబ్బే ప్రభూ. సింగన్న నిండు ఏరు ఈదాడు."

రాజు మళ్ళీ పగలబడి నవ్వి, రెండో కంకణం కూడా ఊడదీశాడు.