నీలివార్త

ఓబుళయ్య గారి దగ్గరికి ఎవరు ఏ కాగితం తెచ్చినా ఆయన ముట్టుకునేవారు కాదు. శుభలేఖ అయినా సరే, "చదువు, వింటాను" అనేవారు. చదువుతున్నంతసేపూ చదివేవాడి ముఖం చూడరు. దీపం వత్తినో, గోడ మీద బల్లినో, ఎదురుగా ఏది ఉంటే దాన్ని చూస్తూ కూర్చుంటారు. చదవడం అయ్యాక "అక్షింతలు తీసుకో" అనో, "ఇంకోసారి రా" అనో చెప్పి పంపేవారు. ఈ రెంటిలో ఎవరికి ఏది ఎందుకు దక్కుతుందో మాలో ఎవరికీ అంతుపట్టేది కాదు. ఆయన ఆశ్రమంలో వంట చూసుకుంటూ ముసలివాణ్ని అయిపోతున్న నాకు కూడా.

కోదండపాణి తెచ్చిన కాగితానికి మాత్రం ఈ రెండూ దక్కలేదు. కోదండపాణిది హైదరాబాదులో 'పసరు' అనే బట్టల కంపెనీ. ఆకు రంగులు, చేనేత, తక్కువ నీళ్ల వాడకం, నేలకూ మనిషికీ హాని చెయ్యని వ్యాపారం, ఇదీ వాళ్ల పద్ధతి. కనీసం దుకాణం గోడల మీద రాసుకున్న పద్ధతి. మనిషి మంచివాడే. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మోసగాడి కథయితే చెప్పడానికి నాకు ఓపిక ఉండేది కాదు. కొత్త నీలం బట్టలు విడుదల చేసే ముందు కంపెనీ తరఫున ఒక ప్రతిజ్ఞ రాయించి, దానికి స్వామి ఆశీర్వాదం కోసం వచ్చాడు. తీరా గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మనసు పీకినట్టుంది. కాగితం తెరవకుండానే అడిగాడు.

"స్వామీ, ఇందులో ఉన్నవాటిలో కొన్ని చేశాం, కొన్ని చెయ్యబోతున్నాం. చెయ్యాలన్న మనసు మాత్రం నిజం. చెయ్యబోయే మంచిని ముందే చెప్పుకుంటే అది అబద్ధం అవుతుందా? చెప్పుకుంటే సిగ్గుకైనా చేస్తాం కదా."

ఓబుళయ్య గారు కాసేపు గోడకేసి చూసి, "ఇది మీ నీలిబానల దగ్గర చదివావా?" అన్నారు.

"లేదు స్వామీ. బానలకెందుకు?"

"అక్కడ చదివి రా. ఇతన్ని కూడా తీసుకెళ్లు," అని నా వైపు చూపించారు. చూసింది చూసినట్టు చెప్పడానికి ఒకడు కావాలనుకున్నారో, మధ్యాహ్నం నా వంట తప్పించుకుందామనుకున్నారో, నేను అడగలేదు.

కంపెనీ అద్దకపు పాక గుండ్లవంక అనే పల్లెలో, వంక గట్టు మీద ఉంది. మెడ దాకా నేలలో పూడ్చిన పెద్ద పెద్ద మట్టి బానలు. నీలిబానకు ప్రాణం ఉంటుందంటారు అద్దకంవాళ్లు. ఆకలేస్తుంది, చలేస్తుంది, అలుగుతుంది. బతికున్న బాన మీద రాగి రంగు పొర కట్టి, నడుమ నీలపు నురుగు తేలుతుంది. ఆ నురుగును పువ్వు అంటారు. మేం వెళ్లేసరికి అన్నిటికన్నా పెద్ద బాన చచ్చిపడి ఉంది. బూడిద రంగు నీళ్లు, చచ్చిన ఎలుక కంపు. ఆ ఏటి బట్టంతా దానిలోనే మునగాలి.

పాక పెద్ద సుంకులమ్మ అనే ఆవిడ. బాన పక్కన గొంతుక్కూర్చుని ఉంది. "బాన మేతకని తంటెం గింజలు ఉడకేసి పోసినా, సున్నం పెట్టినా, బెల్లం పెట్టినా. కదల్లేదు సారూ. ఇంగ నీలివార్త ఒకటే మిగిలిండేది," అంది.

నాయకులు రోజూ పేపర్లలో 'ఇవన్నీ నీలివార్తలు, నమ్మకండి' అంటుంటే చదివినవాణ్నే గానీ, ఆ మాటకు బాన వాసన ఉందని నాకు అప్పుడే తెలిసింది. బాన చచ్చిపోతే అద్దకంవాళ్లు ఒక అబద్ధం పుట్టిస్తారు. పుట్టిస్తే చాలదు, విన్నవాళ్లు నమ్మాలి, నమ్మి ఇంకొకరికి చెప్పాలి. అది వంక దాటి అవతలి గట్టున ఒక మనిషి మనసులో దిగిందంటే, ఇక్కడ బాన లేస్తుంది. సుంకులమ్మ చిన్నప్పటి నుంచీ ఎన్నో పుట్టించింది. సంతలో ఒక మేక కొమ్ములున్న పిల్లను ఈనిందని ఒకసారి, పోలీసు స్టేషన్లో దొంగలు పడ్డారని ఒకసారి.

"ఎవురి కడుపుకూ తగలని అబద్దమై ఉండాల. అది మా అమ్మ పెట్టిన కట్టు," అంది. "ఇప్పుడు అయ్యి కూడా నమ్మేవాళ్లు లేరు సారూ. నేను ఏం చెప్పినా అంతకంటే పెద్దది ఫోన్లో సూసేసి ఉంటారు."

కోదండపాణి నవ్వాడు. "మా కంపెనీలో అబద్ధాలకు చోటు లేదమ్మా. స్వామి చదవమన్నారు, ఇది చదివి వెళ్లిపోతాం," అని బాన పక్కన నిలబడి కాగితం తెరిచాడు. అద్దకంవాళ్లంతా తడి చేతులు తుడుచుకుంటూ చుట్టూ చేరారు. అతనిది మంచి గొంతు. 'మా నీలం ఆకు నుంచి పుడుతుంది. మా బానలు కడిగిన నీరు వడపోత గుంతలో తేరుకుని, తాగేటంత శుభ్రంగా నేలను చేరుతుంది. మా వల్ల ఏ వంకా చెడదు, ఏ చెలమా ఇంకదు.' అన్నీ జరుగుతున్న సంగతుల్లాగే రాసి ఉన్నాయి. పాక వెనక ఆ గుంత కోసం సున్నంతో గీసిన గీతను నేను వచ్చేటప్పుడే చూశాను. గీత మీద గడ్డి మొలిచి ఉంది. ఎవరో దాని మీద మిరపకాయలు ఎండబోసుకున్నారు.

చదువుతుండగా బానలో ఒక బుడగ పైకొచ్చి పగిలింది. ఎవరో గుటక వేసినట్టు వినిపించింది. నేను తప్ప ఎవరూ గమనించలేదు.

సుంకులమ్మ కళ్లు చెమర్చాయి. "తాగేటంత శుభ్రమా సారూ?" అని అడిగింది.

కోదండపాణి ఒక్క క్షణం కాగితం వైపు చూసి, "అవునమ్మా," అన్నాడు.

ఆవిడ ఎందుకు అడిగిందో మాకు ఆ పూట తెలియలేదు. మేం ఆ రాత్రి ఊళ్లోనే పడుకున్నాం. తెల్లవారి పాకకు వెళ్లేసరికి పెద్ద బాన లేచి ఉంది.

లేచింది అంటే చాలదు. రాగి పొర కొత్త చెంబులా మెరుస్తోంది. నడుమ పువ్వు బాన మూతి కన్నా ఎత్తుగా నిలబడి, ఊపిరి తీస్తున్నట్టు మెల్లగా లేస్తూ దిగుతూ ఉంది. కోదండపాణి చిన్నపిల్లాడిలా సంబరపడి ఒక తెల్లగుడ్డ ముంచి తీశాడు. ఆకుపచ్చగా బయటికొచ్చిన గుడ్డ గాలి తగలగానే నీలం తిరిగింది. అంత ముదురు నీలం నేనెప్పుడూ చూడలేదు. కాసేపు చూస్తే కళ్లు తిప్పుకోబుద్ధయింది.

సుంకులమ్మ ముఖంలో మాత్రం సంతోషం లేదు. "ఎవురు పుట్టించినారు?" అని ఒక్కొక్కరినే అడిగింది. ఎవరూ పుట్టించలేదు. "నేను పుట్టినకాడ్నించి ఇంత పువ్వు సూల్లేదు. ఎంత పెద్ద అబద్దమై ఉండాల. దాన్ని ఎవురో గట్టిగా నమ్మినారు."

కోదండపాణి చేతిలో గుడ్డ అలాగే ఉంది. అతని ముఖం పాలిపోవడం నేను చూశాను. "సుంకులమ్మా, నిన్న మీరు ఎవరికైనా ఏమైనా చెప్పారా?" అన్నాడు.

"నేనేం అబద్దం సెప్పలేదు సారూ. మీరు సదివింది పోయి మా పోలికి సెప్పొచ్చినా. ఇంగ చెలమ నీళ్లే తాగొచ్చు, బోరింగుకాడికి నడిసేపని లేదని..." అంటూనే ఆగిపోయింది. తను అన్నది తనకే అప్పుడు వినిపించినట్టుంది.

పోలమ్మ ఆవిడ కూతురు. వంక అవతల దిగువపల్లెలో కాపురం. నిండు నెలలు దగ్గర పడుతున్న మనిషి. పాక పెరిగిన దగ్గర్నుంచి వంక ఇసుకలో తవ్వుకున్న చెలమలోకి నీలినీళ్లు దిగుతున్నాయని, ఆ పల్లెవాళ్లు తాగే నీళ్లకు ఎక్కడో ఉన్న బోరింగు దాకా నడుస్తున్నారు. ఇవన్నీ మేం వంకలో పరుగెత్తుతుంటే సుంకులమ్మ రొప్పుతూ చెప్పింది.

పోలమ్మ చెలమ పక్కన కూర్చుని చెంబుతో బిందె నింపుకుంటోంది. మమ్మల్ని చూసి లేవబోయి, లేవలేక, నవ్వింది. "మీరేనా సారూ? మా యమ్మ చెప్పింది, నీళ్లు బాగు చేసినారంట. నిన్న సాయంత్రం నుంచీ ఇయ్యే తాగుతుండా," అంది. నవ్వినప్పుడు ఆమె పళ్ల అంచున సన్నని నీలం గీత కనిపించింది. "అలిసొచ్చినారు, తాగండి," అని చెంబు ముంచి అతనికి అందించింది.

నీళ్లు తేటగానే ఉన్నాయి. అడుగున చెంబు మీది నొక్కు కూడా కనిపిస్తోంది. కోదండపాణి నోటి దాకా ఎత్తేసరికి నీళ్ల మీద ఎక్కడి నుంచో చిటికెడు నురుగు చేరింది. అది మేం చూస్తుండగానే పువ్వులా విచ్చుకుంది. అతను చెంబు దించేశాడు.

"తాగొద్దమ్మా," అన్నాడు. "గుంత ఇంకా తవ్వలేదు. నేను చదివింది అబద్ధం."

పోలమ్మ అతన్ని తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కడుపు మీద చెయ్యి వేసుకుని, "మరి నేను తాగినానే," అంది.

తల్లీకూతుళ్లను అతని కారులోనే ఆస్పత్రికి పంపి మేమిద్దరం పాకకు తిరిగి నడిచాం. ఒప్పేసుకున్నాడు కదా, బాన పడిపోయి ఉంటుందని నేననుకున్నాను. పడలేదు. పెద్ద బానే కాదు, పక్క బానలన్నీ కూడా మూతి దాకా పొంగి ఉన్నాయి. మూల పారేసిన పగిలిన బాన ఒకటుంది, దాంట్లో చుక్క నీరు లేదు, దాని పెంకుల మీద కూడా నీలం చెమ్మ ఊరుతోంది. అద్దకంవాళ్లు గోడకు ఆనుకుని నిలబడ్డారు. కోదండపాణి జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. ఎత్తితే హైదరాబాదు నుంచి వాళ్ల మనిషి: కోదండపాణి అంతకుముందే సరేనన్న ప్రకారం తను ప్రతిజ్ఞను పొద్దున్నే నెట్‌లో లోకానికి వదిలాడట, జనం తెగ మెచ్చుకుంటున్నారట, ఒకరికొకరు పంపుకుంటున్నారట.

"తీసెయ్యి," అన్నాడు కోదండపాణి. "అది నిజం కాదని రాయి."

"రాస్తాను సార్, కానీ అది ఇప్పుడు మన చేతిలో లేదు. ఎక్కడెక్కడికో వెళ్లిపోయింది," అన్నాడు అవతలివాడు, సంతోషంగానే.

ఫోన్ టింగుమన్నప్పుడల్లా ఒక బాన మూతి పొంగుతోంది. పొంగిన నీలం కాలువలో పడి వంక వైపు దిగుతోంది, ఎవరో దారి చెప్పినట్టు తిన్నగా, చెలమ ఉన్న పక్కకే. కోదండపాణి దాన్ని కాసేపు చూశాడు. తర్వాత ఫోన్ నేల మీద పెట్టి, గోడకున్న గడ్డపార తీసుకుని పాక వెనక్కి వెళ్లాడు. మిరపకాయలు పక్కకు తోసి, గడ్డి మొలిచిన సున్నపు గీత మీద మొదటి పోటు పొడిచాడు. గడ్డపార పట్టడం రాదు పాపం, రెండో పోటుకే అరచెయ్యి చిట్లింది. నేనూ పార తీసుకున్నాను. అద్దకంవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కలిశారు. గుంత లోతయ్యేకొద్దీ పాకలో పొంగు దిగుతోందని ఎవరో వచ్చి చెబుతూ ఉన్నారు. కాలువను గుంతలోకి మళ్లించే వేళకు బానలన్నీ బూడిద రంగుకు తిరిగి చచ్చిపోయాయి. పాకంతా ఎలుక కంపు కొట్టింది. ఆ కంపు అంత హాయిగా ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

ఇసుక, బొగ్గు, రాళ్లు తెచ్చి గుంతను సరిగ్గా కట్టడానికి ఇంకొన్నాళ్లు పట్టింది. ఆ ఏడు పసరు వాళ్లకు నీలం లేదు. తెల్లబట్టలే అమ్మారు. హైదరాబాదులో అదే కొత్త ఫ్యాషన్ అని మెచ్చుకున్నారట. పోలమ్మ బతికింది, బిడ్డా బతికింది. బిడ్డ గోళ్లలో నీలం ఛాయ ఉందని సుంకులమ్మ అంటుంది. నేనూ చూశాను. ఒకరోజు ఉన్నట్టే ఉంటుంది, ఇంకోరోజు లేనట్టు ఉంటుంది. చెలమ నీళ్లు ఇప్పుడు నిజంగానే శుభ్రం, పరీక్ష కూడా చేయించారు. పోలమ్మ మాత్రం బిడ్డను చంకనేసుకుని ఇప్పటికీ బోరింగు దాకానే నడుస్తుంది.

చాలా రోజులకు కోదండపాణి ఆశ్రమానికి వచ్చాడు. చేతిలో కాగితం లేదు. నేను మంచినీళ్లిస్తే చెంబులోకి చాలాసేపు చూసి గానీ తాగలేదు. అది అతనికి అలవాటైపోయింది.

"స్వామీ, నేను అబద్ధం చెప్పాలనుకోలేదు," అన్నాడు. "గుంత తవ్వించాలనే అనుకున్నాను. మనసారా అనుకున్నాను. మరి బాన ఎందుకు లేచింది?"

ఓబుళయ్య గారు ఈసారి దీపాన్నీ చూడలేదు, గోడనూ చూడలేదు. అతని ముఖంలోకే చూశారు.

"ఎప్పటికి తవ్విద్దామనుకున్నావు, నాయనా?"

"వచ్చే వేసవికి, స్వామీ."

"పోలమ్మ ఎప్పుడు తాగింది?"